తెనాలి పిండి, బాపట్ల రంగు, రేపల్లె కారం

యెరూషలేము వెళ్ళొచ్చినవాళ్ళు పుస్తకాలు రాస్తారు. కాశ్మీరు వెళ్ళొచ్చినవాళ్ళు ఫొటోలు చూపిస్తారు. నేను తెనాలి, బాపట్ల వెళ్ళొచ్చాను. "అదీ ఒక యాత్రేనా, పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు కదండీ" అని మా ఊళ్ళో ఇప్పటికే నలుగురు నవ్వారు. (ఊరి పేరు నగరం, ఉండేది రేపల్లె పక్కన పల్లెటూరుగానే.) ఆ నలుగురూ తెనాలి ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు. ఒకాయన కోర్టు వాయిదాకి, ఒకాయన పళ్ళు కట్టించుకోవడానికి, మిగతా ఇద్దరూ సినిమాకి. తెనాలిలో కోడిని ఎలా వేయిస్తారండీ అని అడిగాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కళ్ళు మాత్రమే తీసుకుపోయి నోరు ఇంట్లో పెట్టి వెళ్ళినవాళ్ళు ఊరు చూసినట్టు కాదు. అలాంటివారి కోసమే ఇది రాస్తున్నాను.

నా గురించి రెండు మాటలు. సైకిలు షాపు నడిపి, దాన్ని కొడుక్కి అప్పగించినవాణ్ణి. ఐదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. మిగతా చదువంతా పంక్చర్లు వేస్తూ, పొట్లాలు కట్టొచ్చిన కాగితాలు చదివి సంపాదించుకున్నాను. ఇందులో ఏవైనా తప్పులు కనిపిస్తే సగం పొట్లాలు కట్టినవాళ్ళవి.

రేపల్లె: తాళం వేసిన దుకాణం పక్కన

మా చెల్లెలు సంతోషమ్మది రేపల్లె. బ్రాందీ షాపు పక్కన చికెన్ పకోడీల బండి. మా బావ తాగీ తాగీ పోయాడు. ఆయన పోయాక ఇంటిని తాగేవాళ్ళే పోషించారు. ఉన్న ఒక్క కూతురి పెళ్ళీ ఆ బండి మీదే జరిగింది. ఇందులో ఎవరు ఎవరికి రుణపడ్డారో చెప్పగల పండితుడు నాకింకా తగల్లేదు.

మాది లూథరన్ సంఘం. అక్కడి స్త్రీల సమాజంవాళ్ళు ప్రతి శుక్రవారం చర్చిలో మోకరించి, మందు దుకాణాలు మూతపడాలని కొన్నేళ్ళపాటు ప్రార్థన చేశారు. మా చెల్లెలూ వెనక వరసలో మోకరించేది, అందరికంటే గట్టిగా ఏడ్చేది. ఆమేన్ అన్నాక నేరుగా వెళ్ళి బ్రాందీ షాపు పక్కన పొయ్యి వెలిగించేది. దీన్ని నేను తప్పుపట్టను. దేవుడు ఎప్పుడు వింటాడో మనకి తెలియదు కదా, ఈలోగా పొయ్యి వెలగాలి.

దేవుడు విన్నాడో, ప్రభుత్వం విన్నదో, మొత్తానికి రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. షాపుకి తాళం పడింది. చర్చిలో స్తుతి కూడిక పెట్టి అందరికీ పులిహోర పంచారు. ఆ పులిహోర అరిగేలోపే మా చెల్లెలి బండి దగ్గర మనిషి లేకుండా పోయాడు.

నేను వెళ్ళేసరికి బాణలి బోర్లించి కూర్చుంది.

"గుడ్లు అమ్మే ఆయన బండి అడుగుతున్నాడన్నయ్యా. ఆదివారం ఆరాధన అయ్యాక ఏ సంగతీ చెప్తానన్నాను. ఇచ్చేస్తే నర్సింగ్ హోములో ఆయా పని ఉందంట."

"ఆయా పని నీకెందుకే?"

"ఎందుకంటే ఏం చెప్పను? పకోడీ అదే, కోడి అదే, కారం అదే. నా చేతిలో ఏం మారిందో నాకే తెలియట్లేదు. కొత్తవాళ్ళు ఒకసారి కొంటారు. రెండోసారి అటు తిరిగి వెళ్ళిపోతారు."

"మిగతా ఊళ్ళలో ఎలా వేస్తున్నారో ఎప్పుడైనా తిని చూశావా?"

"నేనెందుకు తింటాను? నాకు వచ్చుగా!"

మా ఇంటివాళ్ళకి ఈ జబ్బు ఉంది. పక్కవాడి వంట రుచి చూడటమంటే మన వంటని అవమానించినట్టే అనుకుంటాం. ఇన్నేళ్ళుగా కోడి వేయించి అమ్మిన మనిషి, మరొకరు వేయించిన ముక్క నోట్లో పెట్టుకోలేదు. అందుకని ఆమెని వెంటబెట్టుకుని బయలుదేరాను. తనూ ఊరికే రాలేదు. పోల్చి చూడ్డానికని తను వేయించిన ముక్కలు టిఫిన్ బాక్సు నిండా పెట్టుకొచ్చింది.

చూడనివారి కోసం రేపల్లె పద్ధతి చెప్తాను. ఎముకతోనే చిన్న చిన్న ముక్కలు. పైన వరిపిండి, అదీ పౌడరు అద్దినట్టు. పచ్చిమిరప, ఎండుమిరప రెండూ కలిపి నూరి, వెల్లుల్లి దంచి పట్టిస్తారు. ఎముక కూడా కరకరలాడేదాకా వేయిస్తారు. తూకం లేదు. చేతికి వచ్చినన్ని కాగితంలో వేసి ఇస్తారు. మర్యాద, అన్యాయం రెండూ ఆ చేతిలోనే ఉంటాయి.

తెనాలి: కోడి లోపలుంది

రేపల్లెలో రైలు ఆగదు, అక్కడితో అయిపోతుంది. కాబట్టి ఎక్కినవాడికి తెనాలి వైపు పోవడం తప్ప గతిలేదు. తెనాలివాళ్ళకి ఈ సంగతి తెలుసు. అందుకే కాబోలు మనం దిగగానే, మీరు ఎప్పటికైనా వస్తారని మాకు తెలుసులెండి అన్నట్టు చూస్తారు.

సినిమాహాలు ఎదురుగా బండ్లు వరసగా ఉన్నాయి. ఒక బండాయన కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేసుకున్నాడు. తక్కెడ పట్టుకుని పకోడీ తూస్తున్నాడు, కంసాలి బంగారం తూచినట్టు. ముల్లు కొంచెం అటు ఒరిగితే ఒక పకోడీ తీసి విరిచి, సగం వేసి, సగం వెనక్కి పెట్టుకుంటున్నాడు. వంద గ్రాములకి మేం ఇచ్చిన డబ్బుతో రేపల్లెలో ఇద్దరు తిని చేతులు కడుక్కోవచ్చు. సరే, తెనాలి కదా అనుకున్నాను.

పొట్లం విప్పాను. శనగపిండి, ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు, అక్కడక్కడ జీడిపప్పు. చూడ్డానికి పెళ్ళివారి విడిదిలా ఉంది. అందరూ వచ్చారు, పెళ్ళికొడుకే కనిపించట్లేదు.

"ఏమండీ, ఇందులో కోడి ఎక్కడుందండీ?"

"లోపలుందండి."

"లోపలంటే?"

"తింటూ వెళ్ళండి, వస్తుంది."

నేను తింటూ వెళ్ళాను. వచ్చింది. ఎముక లేదు, బొటనవేలి గోరంత. పిండి దుప్పటి కప్పుకుని పడుకున్నదాన్ని లేపినందుకు నాకే మొహమాటమేసింది. కానీ అబద్ధమెందుకు, పిండి బాగుంది. కారం పిల్లలు తినేంత. అది బాగుండటం నాకింకా కోపం తెప్పించింది. కోడి పేరు చెప్పి శనగపిండి అమ్మేవాడు కనీసం అది పాడుగానైనా చెయ్యాలి కదా!

ఇంతలో సినిమా ఇంటర్వెల్ పడి జనం ఎగబడ్డారు. మా చెల్లెలు పొట్లం చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని తల వంచింది. ప్రార్థన చెయ్యకుండా మెతుకు ముట్టదు. తనది పొట్టి ప్రార్థన కూడా కాదు. కూతురూ అల్లుడూ మనవలూ అయ్యాక, రైళ్ళు నడిపేవాళ్ళ క్షేమం దాకా వెళ్తుంది. చుట్టూ తోపులాట. వెనకనున్న ఒకాయన చూసి పెద్ద గొంతుతో, "అయ్యో, పిన్నిగారికి కళ్ళు తిరుగుతున్నాయి! గాలి ఆడనివ్వండయ్యా!" అని కేక పెట్టాడు. సోడా బండివాడు మనసున్న మనిషి. గోళీ కొట్టి మొత్తం సోడా మొహాన చల్లాడు.

మా చెల్లెలు ఆమేన్ అనలేదు, "ఓరి నీ..." అంది. మిగతాది నేను రాయను. సోడాలో నానిన పకోడీ పప్పుచారులో నానిన గారెలా అయింది. సోడా డబ్బులూ మా దగ్గరే తీసుకున్నారు. తెనాలివాళ్ళు సాయం చేస్తారు, కాకపోతే తూచి చేస్తారు.

ఆ తడి మొహంతోనే సంతోషమ్మ ఒకచోట చూస్తూ నిలబడిపోయింది. నలుగురు ఆడవాళ్ళు, మంచి చీరల్లో, బండి దగ్గర రోడ్డు మీద నిలబడి తింటున్నారు. ఒకావిడ వేళ్ళు కూడా నాకింది.

"అన్నయ్యా, ఆడవాళ్ళు."

"కనిపిస్తూనే ఉంది."

"నా బండి దగ్గరికి ఇన్నేళ్ళలో ఒక్క ఆడమనిషి రాలేదు."

బ్రాందీ షాపు పక్కకి ఎందుకొస్తారే అనబోయి ఊరుకున్నాను. ఆ రాత్రి తెనాలిలో మా పెద్దమ్మ కూతురింట్లో పడుకున్నాం. వాళ్ళు కూడా కళ్ళు తిరిగాయంట కదా అని అడిగారు. ఆ ఊళ్ళో సినిమాకంటే సమాచారం ముందు విడుదలవుతుంది.

బాపట్ల: ఎర్ర కోడి, ఇంగ్లీషు కోడి

బాపట్లలో బండి అనకూడదు. ఫాస్ట్ ఫుడ్ సెంటర్ అనాలి. ఉన్నది మాత్రం బండే, నాలుగు చక్రాలూ నేను లెక్కపెట్టాను. మీద ఒక బోర్డు, దాని మీద డ్రాగన్ అట, బొమ్మ గీసినవాడు మన తొండనే చూసి గీశాడు. కాలేజీలున్న ఊరు కాబట్టి కుర్రకారు ఎక్కువ. అందరికీ తొందరే. తినడానికి తొందరపడి, తిన్నాక అక్కడే గంటసేపు నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. మరి ఫాస్ట్ ఎవరికో నాకు అర్థం కాలేదు.

ఇక్కడ తూకమూ లేదు, చెయ్యీ లేదు. ప్లేటు, లేకపోతే హాఫ్ ప్లేటు. ప్లాస్టిక్ ప్లేటులో క్యాబేజీ తురుము పరిచి దాని మీద కోడి పెట్టి, ముక్కకో పుల్ల గుచ్చి ఇస్తారు. కోడి ఎంత ఎర్రగా ఉందంటే, నేను ముందు అది పచ్చిదేమో అనుకున్నాను. దీన్ని చికెన్ పకోడీ అంటే వాళ్ళకి చిన్నతనం. సిక్స్‌టీ ఫైవ్ అనాలి. అరవై ఐదు అంటే ఏమిటని ముగ్గుర్ని అడిగాను. ఒకడు మసాలా దినుసుల లెక్క అన్నాడు, ఒకడు కోడి వయసు అన్నాడు, మూడోవాడు "తాతగారూ, తినండి ముందు" అన్నాడు.

వంట చేసేవాడు ఈపురుపాలెం మనిషి, చేనేత కుటుంబం. గరిటె బాణలికేసి టంగుటంగున కొడుతున్నాడు. కొట్టకపోతే ఉడకదు కాబోలు.

"ఏం బాబూ, ఈ రంగేంటి?"

"నూలుకి రంగులద్దిన ఇంట్లో పుట్టానండి. కోడికి అద్దలేనా?"

"కడిగితే పోతుందా?"

"తినేదాకా పోదండి."

"తిన్నాక?"

"తిన్నాక నాకు సంబంధం లేదండి."

మాట నిజమైనదే, కోపం తెచ్చుకోవడానికి సందు దొరకలేదు. ముక్క నోట్లో పెట్టుకున్నాను. పెరుగు పులుపు, అల్లం, అజినోమోటో అట, ఆ తెల్ల ఉప్పు తీపి. మెత్తగా ఉంది. నమిలే పని లేదు. నా చిన్నప్పుడు కోడిని కోస్తే అది ఊరంతా తిరిగిన కోడి. దాని కాలు కొరకాలంటే దవడకి సత్తువ కావాలి. క్రిస్మస్‌కో, బంధువులొస్తేనో ఒక్కటి కోసేవాళ్ళం. ఎనభైల్లో ఫారం కోళ్ళు వచ్చి పడ్డాయి. పాపం, వాటికి నడక తెలియదు, మనకి నమలడం మరుపొచ్చింది. ఇద్దరికీ కలిసొచ్చింది.

సంతోషమ్మ ఈసారి కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేసింది. రెండు ముక్కలు తింది. తర్వాత తన టిఫిన్ బాక్సు మూత తీసి, పక్కనున్న కాలేజీ అమ్మాయి ముందు పెట్టింది.

"అమ్మాయ్, ఇది తిని చూడమ్మా. నేను వేయించిందే."

"మీరా ఆంటీ? అయితే తినాల్సిందే." ఆ పిల్ల ఒక ముక్క నోట్లో వేసుకుంది. రెండుసార్లు నమిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన గ్లాసు తాగింది, స్నేహితురాలి గ్లాసు తాగింది, నా గ్లాసు వైపు చూస్తే అదీ ఇచ్చాను. "బాగుంది ఆంటీ" అంది, పెంపకం మంచిది.

పక్కనున్న కుర్రాడు కూడా ఒక ముక్క తీసుకుని, ఉఫ్ అని నోరు ఊదుకుంటూ నవ్వాడు. "ఇది అలా తినేది కాదాంటీ. పక్కన బీరుండాలి."

"ఇప్పుడు బీరెక్కడుందిరా?" అన్నాడు వాడి స్నేహితుడు.

"అదే కదరా, బీరు లేకపోతే ఇదీ లేదు."

నాకు ఒళ్ళు మండింది. "ఏం బాబూ, పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి ఇదేనా? ప్రార్థన చేసే మనిషితో బీరు మాటలా?" అని లేచాను.

"ఊరుకో అన్నయ్యా" అంది సంతోషమ్మ. బాక్సు మూత పెట్టి, బిగించి, సంచిలో పెట్టుకుంది. "ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు."

చెరుకుపల్లి మీదుగా

బస్సులో సంతోషమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. నేను మాత్రం మూడు ఊళ్ళ పద్ధతులు బేరీజు వేస్తూ కూర్చున్నాను. తెనాలిలో బండి పక్కన సినిమాహాలుంది, కుటుంబాలొస్తాయి, కాబట్టి పిండి. బాపట్లలో కాలేజీ ఉంది, కుర్రాళ్ళకి చూపు ముఖ్యం, కాబట్టి రంగు. ఊరు నీళ్ళని బట్టి రుచి మారుతుందని చెప్పేవాళ్ళంతా కబుర్లరాయుళ్ళు. బాణలి పక్కన ఏముందో దాన్నిబట్టి మారుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు నన్ను నేను మెచ్చుకుంటూ, ఆ లెక్కలో రేపల్లె దాకా వచ్చి ఆగిపోయాను. పైకి అనలేదు.

అనక్కర్లేకపోయింది. చెరుకుపల్లి దాటాక తనే మొదలుపెట్టింది.

"పెళ్ళైన కొత్తలో నేను చప్పగా వండేదాన్ని. గుర్తుందా?"

"గుర్తుంది. అమ్మ వంటలాగే ఉండేది."

"మీ బావ తాగొచ్చి కూర్చునేవాడు. ఏ కూర పెట్టినా చప్పగా ఉందని కంచం తోసేసేవాడు. తోసినప్పుడల్లా ఒక మిరపకాయ పెంచాను. తొయ్యడం మానేదాకా పెంచుతూ పోయాను. ఒకరోజు మానేశాడు. ఆ కారమే బండి మీదకి తెచ్చాను. అందరూ ఆహా అన్నారు. అందరూ ఆయనలాంటివాళ్ళే కదా."

నేను ఏ విషయం మీదైనా మాట్లాడగలనని మా ఊళ్ళో పేరు. రేపల్లె వచ్చేదాకా కిటికీలోంచి వరిచేలు చూశాను.

"తాగనివాడి నోటికి నేను ఎప్పుడూ వండలేదన్నయ్యా" అంది దిగుతూ. "ఎలా వండాలో కూడా తెలియదు."

మళ్ళీ రేపల్లె: శుక్రవారం

తెల్లారి శుక్రవారం. మిరపకాయలు సగానికి సగం తగ్గించి, కొంచెం పెరుగు కలిపి, ముక్క మెత్తగా ఉండగానే తీసి, ఒక బేసిన్ నిండా వేయించింది. రంగు వెయ్యలేదు, అది నా ఘనతే అని చెప్పుకుంటాను. బేసిన్ మీద గుడ్డ కప్పి, స్త్రీల సమాజం కూడిక దగ్గరికి తీసుకెళ్ళింది. మగవాళ్ళకి అక్కడ పనిలేదు కాబట్టి బేసిన్ మోసే వంక పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

కూడిక అయ్యాక వెనక వరసలోంచి లేచి ముందుకొచ్చి, బల్ల మీద బేసిన్ పెట్టింది.

"అందరం కలిసి మోకరించి ఆ షాపు మూయించాం. మంచిదే అయింది. నా బండీ దాంతోపాటే మూతపడుతోంది. తిని చూసి, తినబుద్ధయ్యేలా ఉందో లేదో చెప్పండి. లేదంటే ఆదివారం బండి ఇచ్చేస్తాను."

ఎవరూ కదల్లేదు. బ్రాందీ షాపు పక్క బండి మీది తిండి, చర్చిలో. పాస్టరు అయ్యగారి భార్యని అందరూ అమ్మగారంటారు. ఆవిడే ముందు ఒక ముక్క తీసుకుంది. తర్వాత కరుణమ్మ. ఈవిడ భర్త సంఘపెద్ద, ఆదివారం కానుకల సంచి పట్టేది ఆయనే. తెల్ల పంచె మీద ఈగ వాలినా సహించడు.

కరుణమ్మ నమిలి, మొహం చిట్లించింది. "అదేంటి సంతోషమ్మా, కారం తగ్గించేశావు?"

మా చెల్లెలు ఆమె వైపు చూసింది. "ముందెంత ఉండేదో నీకెలా తెలుసు వదినా? నా బండి దగ్గరికి ఎప్పుడూ రాలేదుగా."

కరుణమ్మ మొహం బాపట్ల రంగుకొచ్చింది. రెండో వరసలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ అటు తిరిగి, "నవ్వుతావేం? మీ ఆయన పొట్లం తేలేదా?" అంది. నవ్వు ఆగిపోయింది. ఆ గదిలో పొట్లం అందని ఇల్లెన్ని ఉన్నాయో నేను వేరే అడగక్కర్లేకపోయింది. మొహాలన్నీ బల్ల వైపు దించుకునే ఉన్నాయి.

"చెప్తే ఏమైందిలే" అంది కరుణమ్మ చివరికి. "ఆయన అక్కణ్నించి వచ్చిన రోజున మాట్లాడేదాన్ని కాదు. పొట్లం మాత్రం వదిలేదాన్ని కాదు. ఇప్పుడు మనిషి తిన్నగా ఇంటికొస్తున్నాడు. వట్టి చేతుల్తో."

ఈసారి అందరూ నవ్వారు, అమ్మగారు కూడా. నవ్వనిది మా చెల్లెలొక్కతే. తను బేసిన్ అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ కారం మీకు మంట పుట్టలేదా?"

"పుట్టేది" అంది కరుణమ్మ. "ఏడవడానికి అదొక వంక."

బేసిన్ వాళ్ళ వైపు జరుపుతూ సంతోషమ్మ అంది, "అయితే సాయంత్రం మీరే రండి. ఎవరికి ఏ కారం కావాలో మీరే నిలబడి చెప్పండి."

"ఆ షాపు దగ్గరికా?" అంది వెనకనించి ఒకావిడ.

"షాపెక్కడుంది వదినా? తాళం ఉంది."

సాయంత్రం ఏడెనిమిది మంది వచ్చారు, కొంగు తలమీద కప్పుకుని, రోడ్డుకి వీపు పెట్టి, బ్రాందీ షాపు మెట్ల మీద నిలబడ్డారు. మర్నాడు ఇంకొంతమంది. ఆ రోజు కొందరు కొంగు కప్పుకోవడం మర్చిపోయారు. మా చెల్లెలు రెండు గిన్నెల్లో రెండు రకాలు కలిపి పెట్టుకుంది. పెరుగు వేసింది ఒకటి, పాతది ఒకటి. నేను ఎవరినీ చూడనట్టు నిలబడి అందరినీ చూశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడ్లాయన జవాబు కోసం వచ్చాడు. బండి ముందు ఆడవాళ్ళుండటంతో వాళ్ళ వెనక నిలబడాల్సి వచ్చింది. తన వంతు వచ్చి, నోరు తెరవబోయేంతలో సంతోషమ్మ బాణలి మీంచి తలెత్తకుండానే అడిగింది.

"మామూలు కారమా, తక్కువ కారమా?"

ఆయన బండి వైపు ఒకసారి చూశాడు, మెట్ల మీది ఆడవాళ్ళ వైపు ఒకసారి చూశాడు.

"మామూలుదే అమ్మా" అన్నాడు.